ఎడమ గొట్టానికి సున్నం బొట్టు

ఏదీ, ఆ ఫోను ఇటు తే చూద్దాం. అంత దగ్గర పెడితే నా కంటికేం ఆనుద్దిరా, కాస్త దూరంగా పట్టుకో. ఆఁ... ఇది మీ తుపాకేనా? మీ ఇంట్లో గోడకి వేలాడేదే? ఇంత నిగనిగలాడుతోందేంది కృష్ణా, పెళ్లికొడుకుని చేసినట్టు! చెక్కకి వార్నీషు కొట్టారా? గొట్టాలకి నలుపు కూడా ఎక్కించారే! గుంటూరు తుపాకుల షాపాయనే చేయించాడా, అమ్మకానికి పెట్టేముందు? చేయిస్తాడు మరి, ఆయన వ్యాపారం ఆయనది. కూర్చో, నిలబడి మాట్లాడతావేంది. ఆ మంచం కిందనుంచి నా ఆకుల పెట్టె ఇటు లాగు. సున్నం డబ్బా దాని పక్కనే ఉండాలి. దొరికిందా? సరే, నీ చేతిలోనే ఉంచు, ఆకు తుడుచుకున్నాక అడుగుతా. ఇంతకీ ఈ ఫోటోలో సున్నం కనపడదేం? అదేరా, ఎడమ గొట్టం మీద సున్నం బొట్టు. నీకు తెలీదా? మీ నాయనమ్మ పెట్టేది కదా ఏటా. దసరాకి నువ్వు హాస్టల్ నుంచి వచ్చినా టీవీ ముందు నుంచి లేస్తేగా తెలవడానికి. మీ నాన్నన్నా చెప్పి ఉండాల్సింది. ఆయనా పోయాడు, లైసెన్సున్న మనిషే లేకపోయేసరికి తుపాకి షాపులో డిపాజిట్ అయింది, ఇహ చెప్పేదెవరు.

మీ నాయనమ్మ సుబ్బరావమ్మ అంటే నీకు గుర్తుండేది ఆఖర్లో మంచానపడ్డ మనిషి. మేం చూసిన మనిషి వేరు. వరసకి నాకు వదిన, మీ గోడా మా గోడా ఒకటే. ఆమె గొంతు లేచిందంటే మా ఇంట్లో పిల్లలు పలకలు పట్టుకుని చదవడం మొదలుపెట్టేవాళ్లు, తిట్లు తమకేననుకుని. ఇంకో సంగతేందంటే, ఆమెకి అమ్మడం చేతకాదు. గేదెను అమ్మాల్సి వస్తే కొనేవాడు గుంజ దగ్గరికి రాకముందే "ఇది తంతది, దూడ పక్కన లేకపోతే పాలు చేపదు, ఆలోచించుకో" అని అరిచేది. మిరపకాయల బేరగాడొస్తే టిక్కీ బస్తా మూతి విప్పి, అడుగునున్న తాలుకాయ గుప్పెట్లో పట్టి పైకి తీసి వాడి మొహాన పెట్టేది. వాడు బెదిరిపోయేవాడు. అదేదో మంచితనం అనుకోబాక. నేను పక్కింటోణ్ణి కదా, నాకు తెలుసు. ఆమెది ఓర్చుకోలేకపోవడం. కడుపులో మాట దాచుకుంటే ఆ మనిషికి అన్నం సయించేది కాదు. మా ఇంటిది అనేది, "మీ వదినకి రహస్యం చెప్పడమూ మైకు ముందు చెప్పడమూ ఒకటే" అని. ఆ మాట అన్న మా ఇంటిది కూడా తక్కువేం కాదులే, అది వేరే సంగతి.

తుపాకి మాత్రం ఆమెది కాదు, మీ తాతది. శ్రీమన్నారాయణ అన్న పంట కాపలాకని లైసెన్సు తెచ్చుకున్నాడు. మీ పొలం వాగు అవతల కదా, ఆ చిల్లచెట్లలోంచి అడవిపందులు దిగేవి. దిగితే చేను మొత్తం పెళ్లగించి పోయేవి. ఆయన వాటిని చంపేవాడు కాదులే, గాల్లోకి పేల్చి తోలేవాడు. రెండు గొట్టాల తుపాకి, మధ్యలో విరిచి తూటాలు పెట్టేది. దాన్ని చూసుకున్నట్టు మీ నాన్నను కూడా చూసుకోలేదంటే నమ్ము. వారం వారం అరుగు మీద పాత దుప్పటి పరిచి, ఊచకి గుడ్డ చుట్టి గొట్టాల్లో అటూ ఇటూ ఆడించి, కుట్టుమిషను నూనె పల్చగా రాసేవాడు. ఎవడన్నా "కొబ్బరినూనె రాయొచ్చుగా పెదనాన్నా" అంటే, "అది నీ తలకి రాసుకో, ఇనుముకి రాస్తే జిగటపట్టి ఊళ్లో దుమ్మంతా దీనికే అంటుకుంటది" అని కసిరేవాడు. అంతా అయ్యాక గొట్టాన్ని వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూసేవాడు. నన్నూ చూడమనేవాడు. లోపల అద్దంలా మెరుస్తా రింగులు రింగులుగా కనపడాలి. ఎక్కడన్నా రింగు వంకరపోయి నీడ పడిందంటే అక్కడ తేడా ఉన్నట్టే. అది చూడకుండా తూటా పెట్టేవాడు కాదు.

అంత జాగ్రత్త మనిషికీ ఒకసారి తప్పింది. ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి కదా, మీ నాన్న కూడా తిట్టుకుంటా తిరిగేవాడు. ఆ ఏడు అట్నే ఇచ్చొచ్చాడు. పేరు రాసిన అట్టముక్క కట్టి అన్నిటినీ ఒక గదిలో మూలకి నిలబెట్టారంట. ఓట్లయ్యి, లెక్కింపయ్యి, గెలిచినోళ్ల ఊరేగింపులయ్యి, చేతికి తిరిగొచ్చేసరికి వానలు కూడా మొదలైనాయి. తెచ్చుకున్న రోజునే, పొద్దు వాలే వేళకి, మొక్కజొన్న చేలో పందులు పడ్డాయని కబురొచ్చింది. ఈయన ఇంటికి రాలా, బస్సు దిగి అట్నుంచి అటే పొలానికి పోయాడు. కుడిది పేల్చాడు, బానే పేలింది. ఎడమది పేలిస్తే చప్పుడు తేడాగా వచ్చి చెయ్యి జిల్లుమంది. చూసుకుంటే ఏముంది, గొట్టం మధ్యలో ఉబ్బింది, కప్పను మింగిన పాములాగా. సంగతేందంటే, స్టేషన్లో ఉన్నన్నాళ్లూ కందిరీగ ఆ గొట్టంలో దూరి మట్టితో గూడు కట్టుకుంది. ఎవర్నంటాం? కందిరీగకి ఎలక్షన్ల సంగతి తెలుసా? చెయ్యి పోలేదు, అదే చాలు. రెండ్రోజులు చెవులు వినపడక, వదిన తిట్లు కూడా వినపడక హాయిగా ఉన్నాడు.

గుంటూరులో అప్పట్లో అస్లాం అని తుపాకులు బాగుచేసే ఆయన ఉండేవాడు, ఇప్పుడు లేడు. ఆయన దగ్గరికి తీసుకుపోతే నేనూ తోడెళ్లా. ఆ ఉబ్బు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రాసి చూశాడు. చూసి, "శ్రీమన్నారాయణగారూ, దీన్ని బాగుచెయ్యడం నావల్ల కాదండీ. బాగయినట్టు కనపడేట్టు మాత్రం చెయ్యగలను. చెయ్యమంటారా?" అన్నాడు. అన్న వద్దన్నాడు. ఒకసారి సాగిన ఇనుము సాగినట్టేనంట, పైనుంచి ఎంత అణిచినా ఆ బలం రాదంట. దానికి సరిపోయే గొట్టాలూ దొరకవన్నాడు. ఇహ అప్పట్నుంచీ కుడిదే పేల్చుకున్నాడు. ఆ దసరాకి పలుగూ పారా, కొడవళ్లూ, స్ప్రేయరూ అన్నీ కడిగి బొట్లు పెడుతున్నారు మీ ఇంట్లో. మీ నాయనమ్మ కుడి గొట్టానికి కుంకుమ పెట్టింది. ఎడమదానికి, ఇదిగో, నాబోటి వాళ్లం ఆకులో రాసుకునే సున్నం ఇంత తీసి బొట్టు పెట్టింది. "ఇదేం పూజ వదినా, సున్నం పెడతారా ఎవరన్నా?" అన్నా. "కొట్టేసే చెట్టుకి సున్నం గీత పెట్టరూ? చూసినోడికి తెలవాలి మరిదీ" అంది. రాలిపోతే మళ్లీ పెట్టేది. అన్న పోయాక కుంకుమ మీ అమ్మ చేత పెట్టించేది, సున్నం మాత్రం తనే పెట్టుకునేది.

అన్న పోయిన మరుసటేడు అనుకుంటా వచ్చింది అసలు ఇబ్బంది. తుపాకి కాగితాల మీద మీ నాన్న పేరుకి మారింది గానీ, పెత్తనం అంతా ఆమెదే. మిరపతోట పూతాపిందె మీదుంది. ఎట్టా ఉందనుకున్నావ్! గట్టు మీద నిలబడితే కళ్లు తిప్పుకోబుద్ధయ్యేది కాదు. సరిగ్గా అప్పుడే బోరు మోటారు కాలిపోయింది. బాగుచేయిస్తే మళ్లీ కాలింది. కొత్తది దించాలి, చేతిలో ఏం లేదు, అన్న వైద్యానికే ఊడ్చుకుపోయింది. వాన లేదు, కాలవ కట్టేశారు. ఇంకొన్నాళ్లు నీళ్లు పెట్టకపోతే పిందె రాలిపోద్ది. అట్టాంటప్పుడు రామాంజనేయులు వచ్చాడు. తెలుసుగా, ఎడ్ల బేరగాడు, అద్దంకి సంతలో అతని పేరు చెబితే తువాలు అడక్కుండా తీసిచ్చేవాళ్లు. "అక్కా, ఆ తుపాకి గోడకి ఊరికే వేలాడుతోంది. పిడుగురాళ్లలో సున్నం బట్టీల ఆయనొకడు కొత్తగా లైసెన్సు తెచ్చుకుని డబుల్ బారెల్ కోసం తిరుగుతున్నాడు. నువ్వు ఊఁ అను, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. వదిన ఊఁ అంది. అనక ఏం చేస్తది.

ఇక్కడ నీకో పద్ధతి చెప్పాలి. ఎడ్ల బేరం తువాలు కింద చేస్తారు, చూశావా ఎప్పుడన్నా? యూట్యూబులోనా? సరే, ఏదోటి. ఇద్దరూ చేతుల మీద తువాలు కప్పుకుని వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కనోడికి తెలవకుండా. మన ఊళ్లో దానికి తోడు ఇంకోటి ఉండేది. తువాలు కప్పి ఉన్నంతసేపే అమ్మేవాడు ఐబు, అంటే సరుకులో ఉన్న లోపం, చెప్పాలి. ఎద్దు పొడుస్తదా, దుక్కిలో పడుకుంటదా, కన్ను మందమా, ఏదున్నా అప్పుడే. తువాలు తీసిన తర్వాత చెప్పినా చెల్లదు, అడిగినా చెప్పరు. సరుకు నీది, దాని ఐబూ నీదే. అందుకే గడుసు బేరగాళ్లు ధర తెగ్గానే తువాలు టక్కున లాగేసేవాళ్లు. రామాంజనేయులు లాగినంత వేగంగా లాగేవాణ్ణి నేను చూళ్లేదు. మనిషి చెడ్డోడు కాదు పాపం, వదినకి మోటారు దించాలనే ఆత్రం అతనిది.

ఆ బట్టీల ఆయన కారేసుకుని వచ్చాడు. వెంట కొడుకు, ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు, తుపాకి అనగానే కళ్లు ఇంతేసి చేసుకుని ఉన్నాడు. వాళ్లొచ్చేలోపే రామాంజనేయులు సున్నం బొట్టు కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి, ఉబ్బు మీద తోలు బెల్టు నాలుగు చుట్లు చుట్టి, "చెయ్యి జారకుండా ఉండటానికి" అని చూపించాడు. గొట్టాలకి కొబ్బరినూనె పూశాడు, అన్న ఉంటే అందుకే కొట్టేవాడు. నేను అరుగు చివర కూర్చుని చూస్తున్నా. ఆ ఆసామి తుపాకిని ఎద్దును చూసినట్టే చూశాడు. ఎత్తి బరువు చూశాడు, చెక్క మీద చరిచాడు, చుట్టూ తిరిగి చూశాడు. గొట్టం లోపలికి మాత్రం చూళ్లేదు. బాగా నచ్చింది. మంచం మీద పెట్టి తువాలు కింద చెయ్యి పెట్టాడు. వేళ్లు కదులుతున్నాయి. రామాంజనేయులు మొహం విచ్చుకుంది, ధర బానే పలికినట్టుంది. మీ నాన్న గుంజకి ఆనుకుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

వదిన లోపల మజ్జిగ కలుపుతోంది. గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని బయటికొచ్చి, మంచం మీద తుపాకిని చూసింది. పళ్లెం అక్కడే కింద పెట్టింది. "రామాంజనేయులూ, సున్నం ఏదిరా?" అంది. "ఏం సున్నం అక్కా, ఆకు వేసుకుంటావా?" అని ఈయన కన్ను గీటి తువాలు లాగబోయాడు. కృష్ణా, ఏం చేసిందనుకున్నావ్! ఒక్క అంగలో వచ్చి ఆ తువాలు మీద అరచెయ్యి పెట్టి అదిమిపట్టింది. కింద ఇద్దరి చేతులూ ఇరుక్కుపోయాయి. పరాయి మగాడి చెయ్యని లేదు, ఊరంతా చూస్తున్నారని లేదు. "ఆగండి బాబూ, ఇంకా ఐబు చెప్పలా" అంది. బట్టీల ఆయన నవ్వాడు. "సున్నం గొడవేందమ్మా, మా దగ్గర కొండలంత ఉంది, పంపిస్తాలే" అన్నాడు. ఆమె నవ్వలా. రెండో చేత్తో బెల్టు విప్పేసి, ఆ కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి, వాడి బొటనవేలు పట్టుకుని ఉబ్బు మీద రాసింది. "తగిలిందా?" "తగిలిందండీ." "దీంట్లో కందిరీగ గూడుంటే చూడకుండా మా ఆయన పేల్చాడు. సాగిపోయింది. ఎడమది పేల్చొద్దు."

"అక్కా, ఇన్నేళ్లు ఏం కాలేదుగా!" అని రామాంజనేయులు. "పేల్చలేదు కాబట్టి కాలేదు" అని ఈమె. ఆ కుర్రోడికి ఉత్సాహం ఆగలా, "అయితే ఇప్పుడు పేల్చి చూద్దామండీ" అన్నాడు. అప్పుడు ఆమె గొంతు తగ్గించింది. సుబ్బరావమ్మ వదిన గొంతు తగ్గించడం నేను ఆ ఒక్కసారే విన్నా. "అయ్యా, ఇవాళ పేలిస్తే ఏం కాకపోవచ్చు. రేపూ కాకపోవచ్చు. ఏనాడు పగులుద్దో నాకు తెలవదు. పగలదని మాత్రం నా నోటితో చెప్పలేను. నీ ఎడమ చెయ్యి సరిగ్గా దీని పక్కనే ఉంటది. కుడిది బంగారం, వెలుతురుకి పెట్టి చూసుకో. మడమ చెక్క ఒకసారి పగిలితే ఇత్తడి రేకు వేయించాం, అదీ చూసుకో. స్టేషన్లో పెట్టి తెచ్చుకున్నప్పుడల్లా ముందు లోపలికి చూడు, ఆ తర్వాతే తూటా పెట్టు. అంతే, ఇహ మీ ఇష్టం" అని తువాలు మీద నుంచి చెయ్యి తీసింది. ఆ ఆసామి తువాలు కింద నుంచి తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మర్యాదస్తుడు, మజ్జిగ తాగాడు, "వస్తామమ్మా" అని వెళ్లిపోయాడు.

తర్వాత మీ నాన్న ఎంత రభస చేశాడో నీకెందుకులే, చనిపోయినోడి మీద చెప్పకూడదు. "నీ నిజం తోటకి నీళ్లు పెడుద్దా?" అన్నాడు, ఆ ఒక్క మాట చాలు. రామాంజనేయులు తువాలు దులుపుకుని పోయాడు, ఏడాది పాటు మీ గడప తొక్కలా. ఆమె వాగులో చెలమ తవ్వించి, డ్రమ్ములతో బండి మీద నీళ్లు తోలించింది. నేనూ తోలా. గట్టు పక్క కొంత బతికింది, లోపలదంతా వడలిపోయింది. ఒకరోజు బండి తోలుకుపోతే, వడలిన చెట్ల మధ్య కూర్చుని ఏడుస్తోంది. "ఎందుకు చెప్పావు వదినా, చెప్పి ఏడవడం దేనికి?" అన్నా. "చెప్పినందుకు ఏడవట్లా మరిదీ, తోట పోయినందుకు ఏడుస్తున్నా. ఆ రెండూ కలపబాక" అంది. కొంగుతో మొహం తుడుచుకుని డ్రమ్ము దించమని కేకేసింది.

ఆ తర్వాతా? ఏముంది తర్వాత. ఆ బట్టీల ఆయన మళ్లీ వచ్చి ఆమె కాళ్లకి దణ్ణం పెట్టాడనుకుంటున్నావా? రాలా. వేరే ఎవరి దగ్గరో కొనుక్కున్నాడని విన్నాం. ఆ గొట్టం పగిలి ఎవరికైనా ఆమె చెప్పింది నిజమని తెలిసిందా అంటే అదీ లేదు. దాన్ని ఎవరూ పేల్చలా, అది పగల్లా. మీ నాయనమ్మ అప్పు మీద మోటారు వేయించి, ఆ అప్పు తీర్చుకుంటా ముసలిదైంది. ఊళ్లో కొంతమంది ఆమెను పిచ్చిదనే అన్నారు చివరిదాకా. ఆమె పట్టించుకుందా అంటే, పట్టించుకుంది, వాళ్ల ఇళ్ల ముందుకెళ్లి తిట్టొచ్చేది. దసరా వస్తే సున్నం బొట్టు పెట్టేది. అంతే కథ.

ఏందీ, షాపాయన సరిచేశాడా? ఎట్టా? ఉబ్బుని కొట్టి అణిచి, ఆకురాయి పెట్టి నున్నగా రాశాడా? ఆ పైన నలుపేశాడు. ఓహో. అంటే ఉన్న మందం కూడా ఇంకాస్త పోయిందన్నమాట. ఇప్పుడు బొటనవేలు పెట్టినా తగలదులే. కొనేవాళ్లకి చెప్పారా? చెప్పక్కర్లేదన్నాడా షాపాయన... అట్నే అంటాడు. నీకు మాత్రం ఏం తెలుసు, ఇందాకటిదాకా. ఈ లైసెన్సుల గొడవ వదిలిపోవాలి, డ్రిప్పు పైపులకి ఆసరా కావాలి, నాకు తెలీదా నీ ఇబ్బంది. నేనేం అనట్లేదు. నీ తుపాకి, నీ బేరం. రేపేనా గుంటూరు పోయేది? కొనేదెవరు? పర్చూరాయనా! ఆయనకి తుపాకెందుకురా, పొగాకు వ్యాపారం కదా... కూతురికా? హారిక అంటే, ఆ సన్నగా, ఎత్తుగా ఉండే పిల్లేనా? షూటింగ్ నేర్చుకుంటోందా? మంచిదే, ఆడపిల్లలు నేర్చుకోవాలి. రోజూ పేల్చాలిగా మరి, నేర్చుకోవాలంటే. రెండు గొట్టాలూ.

ఏ చేతివాటం ఆ పిల్లది? తెలీదా. కుడిచేతి వాటమే అయుంటది. ఎడమ చెయ్యి కింద పెట్టి పట్టుకుంటది.

...

ఆ సున్నం డబ్బా ఇటు ఇవ్వు, ఆకు ఎండిపోతోంది. ఆగాగు. వద్దులే. నువ్వే పట్టుకెళ్లు, రేపు జేబులో పెట్టుకో. ఒక్కపూట ఆకు వేసుకోకపోతే నాకేం చేతులు తెగిపడవు.